దిగువ హద్దు మినహా

తెల్లవారుజామున కొండచరియ విరిగింది.

ఏడున్నరకు, లాడ్జి వెనక మట్టి ఎత్తుతున్న కూలీ పార గట్టిదానికి తగిలింది. రాయి అనుకున్నాడు. చేత్తో తుడిచాడు. పార అక్కడే పడేసి పరుగెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి లాడ్జి ప్రహరీగోడకు దిగువన, ఏటవాలులో, టార్పాలిన్ పరిచి ఉంది. దాని మీద ఒక మనిషి. మట్టి ఆ మనిషిలో మిగిల్చినంత.

పుర్రె వెనక భాగం లోపలికి దిగిపోయింది.

"జారిపడితే ఇలా అవుతుందా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"జారినవాడు చేతులు చాపుతాడు. చేతులు విరుగుతాయి," అన్నాడు డాక్టర్. "ఈయన చేతులు బాగానే ఉన్నాయి. వెనకనుంచి కొట్టారు. గునపం లాంటిదానితో. ఒకటే దెబ్బ."

"ఎప్పుడు?"

"ఏడాదే కావచ్చు. నాలుగేళ్ళూ కావచ్చు. ఈ మట్టిలో ఇంతకంటే చెప్పలేను. ఇంకెవరూ చెప్పలేరు."

నడుము ఎముక పక్కన గుండ్రటి తోలు డబ్బా ఉంది. సర్వే టేపు. తుప్పు పట్టింది. సగం బయటికి లాగి ఉంది.

హెడ్ కానిస్టేబుల్ వంగి చూశాడు. ఆ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నవాడు.

"సర్వేయర్ టేపు సార్. మూడేళ్ళ కిందట పెళ్ళాన్ని వదిలేసి పారిపోయాడన్నారు కదా, ఆయనది."

"ఎంత దూరం పారిపోయాడు?"

హెడ్ తలెత్తి కిందికి చూపించాడు. వాలు చివర రేకుల కప్పు ఇల్లు. కిటికీలో ఆరేసిన చీర కనిపిస్తోంది.

"అదిగో సార్, ఆయన ఇల్లు. ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడుతుంది."

ఆ ఇంటి వైపునుంచే ఒకావిడ ఎక్కి వస్తోంది. స్కూలు టీచర్. బడికి బయలుదేరి మధ్యలో తిరిగొచ్చినట్టుంది. భుజాన సంచీ ఇంకా ఉంది. టార్పాలిన్‌కి నాలుగడుగుల దూరంలో ఆగింది. ఏడవలేదు. తోలు డబ్బా వైపు చూసింది.

"ఆ పట్టీ నేను కుట్టాను," అంది. "తెగిపోతే మందపాటి దారంతో కుట్టాను."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. పట్టీ మీద కుట్లు ఉన్నాయి. దగ్గర దగ్గరగా, ఒకే కొలతలో.

"ఆవిణ్ణి పక్కకి పంపండి సార్."

ఆ గొంతు పైనుంచి వచ్చింది. కలప వ్యాపారి. చనిపోయినవాడి సొంత అన్న. కింద వాలంతా తమ్ముడిది, పైన వాలంతా అన్నది. పైది మూడేళ్ళ కిందట లాడ్జి ఓనర్‌కి అమ్మేశాడు.

"ఆవిడకి వీటితో ఏ సంబంధమూ లేదు," అన్నాడు అన్న. "కోర్టు విడాకులిచ్చింది. రెండేళ్ళయింది. వదిలేసి పోయాడని ఆవిడే కేసు పెట్టింది. నేనే సాక్ష్యం చెప్పాను. అడగండి."

"నిజమేనా అమ్మా?"

"నిజమే," అంది టీచర్. "బావగారే లాయర్ని పెట్టారు. ఎన్నాళ్ళు అలా వేలాడతావు, తేల్చేసుకో అన్నారు."

"మరింకేం? పరాయి మనిషి. నా తమ్ముడి ఎముకలు నాకిచ్చేయండి. భూమీ నాకే వస్తుంది, ఎముకలూ నాకే వస్తాయి. చట్టం అంతే కదా సార్?"

టీచర్ అక్కడే నిలబడింది.

"ఇదిగో అమ్మాయ్," అన్నాడు అన్న, గొంతు కాస్త తగ్గించి. "స్కూలుకి ఆలస్యమవుతుంది. వెళ్ళు."

టీచర్ అతని వైపు చూడలేదు. ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.

"నన్ను వదిలేసి వెళ్ళి, తిరిగొచ్చి చనిపోయారా? వెళ్ళకుండానే చనిపోయారా? నాకు భూమి అక్కర్లేదు సార్. ఇదొక్కటీ చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ లెక్క చూసుకున్నాడు. విడాకుల ముందు చనిపోతే, చనిపోయిన మనిషి మీద విడాకులు చెల్లవు. ఆవిడ భార్య. తర్వాత చనిపోతే ఆవిడ ఎవరూ కాదు. డాక్టర్ తేదీ చెప్పలేనన్నాడు.

"చెప్తాను," అన్నాడు. ఎలా చెప్పాలో అతనికి తెలియదు.

* * *

అన్న స్టేట్‌మెంట్ స్టేషన్లో తీసుకున్నారు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"బుధవారం పొద్దున. ఆరింటి బస్సు నేనే ఎక్కించాను."

"అంతకుముందు?"

"శనివారం పై కొండల మీద సర్వే క్యాంపుకి వెళ్ళాడు. మంగళవారం రాత్రి దిగొచ్చాడు. బుధవారం వెళ్ళిపోయాడు."

"వెళ్తూ ఏమన్నాడు?"

"ఇక రాను అన్నాడు. మొగుడూ పెళ్ళాల గొడవలు మనకెందుకని అడగలేదు."

"భార్య ఆ వారం ఎక్కడుంది?"

"జిల్లా కేంద్రంలో. తల్లికి బాగోకపోతే ఆస్పత్రిలో కూర్చుంది. మొగుడు పోతే పోయాడుగానీ, తల్లి బతికింది. ఒకటి పోతే ఒకటి." నవ్వాడు. తన మాటకి తనే నవ్వాడు.

"మరి ఇక్కడెలా చచ్చాడు?"

"ఎప్పుడో దొంగచాటుగా తిరిగొచ్చుంటాడు. సర్వేయరన్నాక శత్రువులు తక్కువా? వీడు అంగుళం కూడా వదలడు. ఊళ్ళో సగం మంది వాణ్ణి తన్నాలనే చూశారు."

లాడ్జి ఓనర్ వంతు వచ్చింది. లావుపాటి మనిషి, మాటకి ముందు చెమట తుడుచుకుంటాడు.

"నేను కొన్నాను, గోడ కట్టాను, మూడంతస్తులు లేపాను. కాగితం పక్కాగా ఉంది సార్. నా గోడకి దిగువన ఎవడు చస్తే నాకేంటి? నా గోడకి ఎగువన చచ్చాడా చెప్పండి!"

"గోడ హద్దు మీదే కట్టారా?"

"అమ్మినాయన చూపించిన హద్దు రాయి మీద కట్టాను."

వాళ్ళిద్దరూ వెళ్ళాక ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీద టేపు పెట్టుకుని కూర్చున్నాడు.

"హెడ్, బస్సెక్కి పారిపోయినవాడు టేపు లాగి పట్టుకుని ఎందుకు చస్తాడు?"

"కొలుస్తూ చచ్చాడు సార్."

"ఏం కొలుస్తూ?"

హెడ్ గోడ మీద మ్యాప్ చూశాడు. "ఆ జాగాలో కొలవడానికి ఒకటే ఉంది. అన్నదమ్ముల మధ్య హద్దు."

"జీపు తియ్యి."

* * *

జిల్లా చిన్నది. రికార్డు ఆఫీసు ఇంకా చిన్నది. కొండ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు దిగితే, రెండు గదులు, చెమ్మవాసన, ఇనుప బీరువాలు. రికార్డు కీపర్ స్వెట్టర్ అల్లుకుంటూ కూర్చుంది.

"భూమి నంబరు?" అంది, సూదులు ఆపకుండా.

"తెలీదు."

"మరి ఏం తెలుసు?"

"యజమాని పేరు."

"పేరుతో ఈ కొండల్లో ఏం దొరకదు సార్. తాత పేరే మనవడికి, మనవడి పేరే వాడి మనవడికి. ఒకే పేరు మీద నలుగురు ఉంటారు. వాళ్ళలో ముగ్గురు పోయుంటారు, ఆ పోయినవాళ్ళ పేరు మీదే భూములుంటాయి."

"మరి ఎలా వెతకాలి?"

"ఎగువ ఎవరు, దిగువ ఎవరు అని వెతకాలి. మైదానంలోలాగా తూర్పు పడమరలు ఇక్కడ ఎవడికీ పట్టవు. ఎగువ, దిగువ, ఒక పక్క వాగు, ఇంకో పక్క బాట. ఇంతే హద్దులు. కొన్నవాడెవరో చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ లాడ్జి పేరు చెప్పాడు. ఆవిడ సూదులు పక్కన పెట్టింది. పది నిమిషాల్లో రెండు కాగితాలు బల్ల మీదికి వచ్చాయి.

మొదటిది పాతది. అన్నదమ్ములకి తండ్రి చేసిన పంపకం. ఇద్దరి మధ్య హద్దు: నల్లబండ.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ బండ గుర్తుంది. పొద్దున శవం దగ్గరనుంచి తిరిగొస్తూ, లాడ్జి ఆవరణలో దాని మీద కాలు పెట్టే పైకెక్కాడు. లాడ్జి గోడ దానికి బాగా దిగువన ఉంది.

"అంటే బండకీ గోడకీ మధ్య జాగా..."

"తమ్ముడిది సార్," అన్నాడు హెడ్. "అన్న రాయి జరిపి అమ్మేశాడు. తమ్ముడు కొలిచి పట్టుకున్నాడు."

"లేదా లాడ్జి ఓనర్ జరిపి కట్టేశాడు. ఇద్దరికీ కారణం ఉంది. ఎవరో ఇంకా తెలీదు. ఎప్పుడో అసలే తెలీదు."

రెండోది అమ్మకం దస్తావేజు. చేతిరాత. ముత్యాలు పేర్చినట్టున్న అక్షరాలు. అమ్మినవాడు అన్న, కొన్నవాడు లాడ్జి ఓనర్. తేదీ మూడేళ్ళ కిందటిది.

"ఆ రోజు ఏ వారం?"

హెడ్ ఫోన్లో చూశాడు. "సోమవారం సార్. అన్న బస్సెక్కించానన్న బుధవారానికి రెండ్రోజుల ముందు."

దిగువ హద్దు దగ్గర నల్లబండ ఊసే లేదు. తమ్ముడి పేరుంది. పేరు పక్కన సర్వేయర్ అని ఉంది. పేరుకు ముందు, వరస కింద, చిన్న గుర్తు ఉంది. హంసపాదు. రాస్తూ ఏదైనా మరిచిపోతే, అది ఇక్కడ చేర్చుకోండి అని పెట్టే గుర్తు. గుర్తుకు పైన, ఇరుకులో, రెండక్షరాలు.

కీ.శే.

"కీర్తిశేషులు," చదివాడు హెడ్. "చనిపోయినవాళ్ళకి రాసేది."

రికార్డు కీపర్ తొంగి చూసింది. "తాత అయ్యుంటాడు. చెప్పాను కదా, తాత పేరే మనవడికి. ఆ తాత పోయి ముప్పై ఏళ్ళు."

"తాత ఏం చేసేవాడు?"

"గొర్రెలు కాసేవాడు."

"సర్వేయర్ కాదు?"

ఆవిడ మళ్ళీ చూసింది.

ఇన్‌స్పెక్టర్ చివరి పేజీ తిప్పాడు. చివర్లో లేఖరి రాసిన నాలుగు వరసలున్నాయి. రెండో పేజీలో 'కీ.శే.' అన్నది హంసపాదుతో చేర్చబడినది. పక్కన అమ్మినవాడి పొట్టి సంతకం. దాని కింద ఇంకో వాక్యం:

*విక్రయదారు కోరిక మేరకు దిగువ హద్దు మినహా, దస్తావేజు అందరికీ చదివి వినిపించడమైనది.*

"ఈ మినహా ఏమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మామూలుగా రాస్తారా?"

"మామూలుగా 'చదివి వినిపించగా విని సంతకం చేసినారు' అని రాసేస్తారు, చదివినా చదవకపోయినా," అంది రికార్డు కీపర్. "ఈ లేఖరి గారు అలా రాయరు. ఆయన చదవందే చదివానని రాయరు. చాదస్తం."

సాక్షి సంతకాలు రెండు. మొదటిది లాడ్జి గుమాస్తాది. రెండోది గుండ్రటి, శుభ్రమైన చేతిరాత. బోర్డు మీద రాసే అలవాటున్న చెయ్యి.

హెడ్ ఆ పేరు చదివాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సార్, ఇది..."

"తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నకలు తీయించు."

* * *

స్కూలు వదిలారు. క్లాసురూమ్ ఖాళీగా ఉంది. టీచర్ బోర్డు తుడుస్తోంది.

"ఆ సోమవారం మీరు ఒక సంతకం పెట్టారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పెట్టాను. బావగారు ఆస్పత్రికి జీపులో వచ్చారు. పైది అమ్మేస్తున్నాను, పక్క భూమివాళ్ళ సంతకం ఉంటే మంచిది, తమ్ముడు క్యాంపులో ఉన్నాడు, నువ్వు పెట్టు అన్నారు."

"చదివారా?"

డస్టర్ ఆగింది.

"అమ్మకి ఆక్సిజన్ పెట్టి ఉంది. తొందరగా వెళ్ళిపోవాలని... లేఖరి గారు పైకి చదువుతారు, వింటే చాలన్నారు. విన్నాను."

"అంతా?"

"ఒకచోట ఆయన గొంతు తగ్గించారు. మింగేసినట్టు. ముసలాయన, ఆయాసం అనుకున్నాను. తర్వాత ఆయనే లేచి నాకు టీ తెచ్చిచ్చారు. చేతిలో పెట్టి, 'ధైర్యంగా ఉండమ్మా. ఏం చేస్తాం' అన్నారు."

"మీరేమన్నారు?"

"పర్వాలేదండి, డాక్టర్లు నయమవుతుందన్నారు, అన్నాను. ఆయన అదోలా చూశారు." ఆవిడ డస్టర్ బల్ల మీద పెట్టింది. "అమ్మకి నయమైంది. ఎప్పుడైనా అటు వెళ్తే ఆయనకి చెప్పాలనుకున్నాను. మీ మాట మంచిదైంది అని."

ఇన్‌స్పెక్టర్ లేచాడు.

"రేపు పదకొండింటికి రికార్డు ఆఫీసుకి రండి."

"మా ఆయన ఎప్పుడు పోయారో తెలిసిందా?"

"రేపు మీరే వింటారు."

* * *

రికార్డు గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు అన్న, లాడ్జి ఓనర్. ఇంకోవైపు టీచర్, ఆవిడ పక్కన లేఖరి. లేఖరికి డెబ్బై దాటాయి. మూడేళ్ళలో చూపు సన్నగిల్లింది. టీచర్‌ని గుర్తుపట్టలేదు. హెడ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. రికార్డు కీపర్ స్వెట్టర్ తీసింది, మళ్ళీ సంచీలో పెట్టేసింది.

"పంచాయతీ ఏంటి సార్?" అన్నాడు అన్న. "ఎముకలు ఎప్పుడిస్తారో చెప్పండి, వెళ్ళిపోతాం. లోడు దిగాల్సి ఉంది."

ఇన్‌స్పెక్టర్ దస్తావేజు లేఖరి ముందు పెట్టాడు.

"ఇది మీ రాతేనా?"

లేఖరి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. "నాదే."

"ఈ కీ.శే. ముందు రాయలేదు. తర్వాత చేర్చారు. ఎందుకు?"

"దిగువన ఎవరండీ అని అడిగాను. తమ్ముడన్నారు. పేరు రాశాను. అలవాటు కొద్దీ అడిగాను, 'ఉన్నారా?' అని. 'లేడు' అన్నారు. అయ్యో అనుకుని చేర్చాను."

అన్న పగలబడి నవ్వాడు.

"లేడంటే ఊళ్ళో లేడని! క్యాంపులో ఉన్నాడు! ఈ ముసలాయన నిక్షేపంలా ఉన్న మనిషిని అక్కడికక్కడే చంపి పాతరేశాడు. విన్నారా సార్? దీనికా నన్ను ఇంత దూరం లాక్కొచ్చారు?"

లాడ్జి ఓనర్ కూడా నవ్వాడు. టీచర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నిజమే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "లేడంటే రెండూ అవుతుంది. అయితే సోమవారం మీ తమ్ముడు బతికే ఉన్నాడు."

"ఉన్నాడు."

"బుధవారం మీరే బస్సెక్కించారు."

"ఎక్కించాను. రాసిచ్చాను కదా."

"మరి ఈ మాట అబద్ధం."

"పచ్చి అబద్ధం. ముసలాయన చెవుడు."

ఇన్‌స్పెక్టర్ లాడ్జి ఓనర్ వైపు తిరిగాడు.

"మీరూ విన్నారుగా. ఇది తప్పుడు దస్తావేజు. బతికున్న పక్కవాణ్ణి చచ్చాడని రాసి, వాడి జాగాలోకి హద్దు జరిపి మీకు అమ్మారు. పాత పంపకంలో హద్దు నల్లబండ. మీ గోడ దానికి దిగువన ఉంది. కోర్టు గోడ కూల్చమంటుంది."

లాడ్జి ఓనర్ నవ్వు ఆగిపోయింది.

"గోడా? ఆ గోడని ఆనుకుని మూడంతస్తులున్నాయి సార్!"

"అవీ చూడాలి."

"ఏమయ్యా!" లాడ్జి ఓనర్ కుర్చీ వెనక్కి తోశాడు. "కాగితం అద్దంలా ఉందన్నావు! బతికున్నవాణ్ణి చచ్చాడని రాయించి నాకంటగట్టావా? నా డబ్బు నాకు పెట్టు. మొత్తం. వడ్డీతో."

"ఆగవయ్యా, గోల చేయకు."

"ఆగేదేంటి? తప్పుడు కాగితం అని నీ నోటితోనే అన్నావు! నీ డిపో అమ్మించి మరీ తీసుకుంటాను!"

"తప్పుడు కాగితం కాదు!" అన్న బల్ల మీద గుద్దాడు. "నేను దగ్గరుండి రాయించాను. ఇందాక ఏదో మాటవరసకి అబద్ధమన్నాను. ప్రతి పేజీ చదివి సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు!"

"చదివారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చదివాను."

"ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు?"

"ఒక్క అక్షరం కూడా!"

ఇన్‌స్పెక్టర్ వేలు హంసపాదు మీద పెట్టాడు.

"ఈ రెండూ?"

అన్న ఆ వేలు వైపు చూశాడు. లాడ్జి ఓనర్ వైపు చూశాడు. అబద్ధమంటే డబ్బు పోతుంది. నిజమంటే మెడ పోతుంది.

"లేఖరి గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చివర్లో 'విక్రయదారు కోరిక మేరకు దిగువ హద్దు మినహా' అని రాశారు. ఆయన ఏమని కోరారు?"

"నేను కీ.శే. చేర్చి చూపించాను. చదివారు. పక్కన సంతకం పెట్టారు. అప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి అన్నారు, 'ఆ అమ్మాయి ఎదురుగా ఉంది. కొత్త పుండు. ఆ వరస పైకి చదవకండి.' సబబే అనిపించింది. చదవలేదు. చదవలేదు కనక చదవలేదనే రాశాను."

"క్యాంపులో ఉన్న తమ్ముడి పేరు ఆయన భార్య ముందు చదివితే ఏ పుండు రేగుతుంది?" ఇన్‌స్పెక్టర్ అన్న వైపు వంగాడు. "లేఖరి పొరపాటు పడ్డారు, సరే. మీరు దిద్దించాలి. నవ్వాలి, ఇప్పుడు నవ్వినట్టు. నవ్వలేదు. సంతకం పెట్టి, చదవొద్దన్నారు. చదివితే ఆవిడ 'నా భర్త బతికే ఉన్నాడు' అని అరిచేది. ఆ సోమవారం నాటికి ఆయన లేడని లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడే ఆ మాట ఆవిడ చెవిన పడకుండా చూశాడు. బుధవారం బస్సు ఎవరూ ఎక్కలేదు."

అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతులో బెదురు లేదు. విసుగు ఉంది.

"వాడికెన్నోసార్లు చెప్పాను. నాలుగు బారల జాగా. అందులో గడ్డి కూడా మొలవదు. అన్నంటే లెక్క లేదు వాడికి. ఆదివారం క్యాంపు మధ్యలో దిగొచ్చి టేపు పట్టాడు. కొలత కొలతేనన్నాడు."

టీచర్ మొదటిసారి అతని వైపు తిరిగింది.

"బావగారూ. ఆఖర్న ఏమన్నారు?"

"ఎవరు?"

"ఆయన."

అన్న ఆవిణ్ణి చూశాడు. కాస్త నవ్వాడు కూడా.

"నీ పేరు తలుస్తాడనుకున్నావా? వంగి టేపు చూసి అంకె చెప్పాడు. అంతే."

హెడ్ ముందుకొచ్చాడు. అన్న చేతులకి బేడీలు పడ్డాయి. గుమ్మం దాటుతూ అతను లాడ్జి ఓనర్‌తో అన్నాడు, "కాగితం చెల్లుతుంది. భయపడకు. అందులో అంతా నిజమే ఉంది."

* * *

లేఖరి కదల్లేదు. పక్కనున్న మనిషి ఎవరో అప్పటికి ఆయనకి అర్థమైంది. చెయ్యి చాపాడు. ఎటు చాపాలో తెలియక బల్ల మీదే ఆగింది.

"అమ్మా, నువ్వేనా? ఆ రోజు టీ..."

"నేనే."

"డాక్టర్లు నయమవుతుందన్నారు అన్నావు. పాపం, మతి చలించిందనుకున్నాను." ఆయన కళ్ళద్దాలు తీశాడు. "నలభై ఏళ్ళలో చదవకుండా వదిలిన వరస అదొక్కటేనమ్మా. నీ మీద జాలితో వదిలాను."

టీచర్ నెమ్మదిగా మాట్లాడింది, ఒక్కో మాటా వేరు చేసి.

"మూడేళ్ళు నేను ఆయన్ని తిట్టుకుంటూ బతికానండి. నా ఇంటి కిటికీలోంచి ఆ వాలు కనిపిస్తుంది. రోజూ పొద్దున అటు చూస్తూనే తిట్టాను. కోర్టులో నిలబడి, ఆయన మంచివాడు కాదని ప్రమాణం చేసి చెప్పాను. మీరు ఆ రోజు నా మీద జాలి పడకుండా ఉంటే, ఒక్కసారే ఏడ్చేదాన్ని."

లేఖరి తల వంచుకున్నాడు. ఆవిడ ఆయన్ని ఓదార్చలేదు.

దస్తావేజు తన వైపు తిప్పుకుంది. చివరి పేజీలో తన సంతకం చూసింది. పిల్లలకి చూపించే గుండ్రటి అక్షరాలు. సాక్షి.

"ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయమని పిల్లలకి చెప్తాను," అంది. ఎవరితోనూ కాదు.

హెడ్ తిరిగొచ్చాడు. చేతిలో ఇంకో కాగితం. ఎముకలు అప్పగించే రసీదు. పేరు ముందే రాసి పెట్టాడు. సంబంధం అన్నచోట ఖాళీ వదిలాడు.

"ఆయన ఆదివారం పోయారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ విడాకులు ఆ తర్వాతవి. అవి చెల్లవు. ఆ ఖాళీలో ఏం రాయాలో మీకు తెలుసు."

ఆవిడ పెన్ను తీసుకుంది. ఖాళీలో *భార్య* అని రాసింది. కింద సంతకం దగ్గర ఆగింది.

"మామూలు ఫారమేనమ్మా," అన్నాడు హెడ్, మెల్లగా. "ఎవరూ చదవరు. పెట్టేయండి."

"చదువుతాను," అంది. "పైకి."

కాగితం రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టింది. స్టేషన్ పేరు చదివింది. తేదీ చదివింది. మూడో వరసలో భర్త పేరు వచ్చింది. దాని ముందు హెడ్ చేతిరాతలో రెండక్షరాలున్నాయి. ఈసారి హంసపాదు లేదు. వరసలోనే ఉన్నాయి.

గొంతు తగ్గించకుండా ఆ రెండూ చదివింది.

కింది వరసలు కూడా చదివింది. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి చదివింది. అప్పుడు సంతకం పెట్టింది.